ఫీలవకు అప్పా

నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే పని. ప్రతి ఏడూ ఎనిమిదో తరగతి పిల్లలకు క్రియాపదాలు చెప్పేటప్పుడు ఒక మాట దగ్గర కాసేపు ఆగుతాను. ఫీల్. ఆ మాటతో ఒక వాక్యం చెప్పమంటే అన్ని చేతులూ లేస్తాయి. అది వాళ్ళకు పుస్తకంలో మాట కాదు, ఇంట్లో మాట. పోయిన ఏడాది ఒక పిల్ల లేచి, "నిన్న మీరు నా నోటుబుక్కు సూడనేదని నాను ఫీలయ్యాను టీచర్" అంది. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు.

ఇంగ్లీషులో ఆ మాట ఒక్కటే చాలదని వాళ్ళకు చెబుతాను. ఏం అనిపించిందో పక్కన చెప్పాలి. సంతోషమా, చలా, ఆకలా, సిగ్గా. చేత్తో ముట్టుకుని తెలుసుకోవడానికి కూడా అదే మాట వాడతారంటాను. బట్ట మెత్తగా ఉందో గరుగ్గా ఉందో వేళ్ళతో చూడటం. పిల్లలు రాసుకుంటారు. బెల్లు కొట్టగానే వరండాలోకి వెళ్ళి, "ఏటి, ఫీలయ్యావేటి?" అని మళ్ళీ ఒకళ్ళనొకళ్ళు అడుగుతారు.

మన నోట్లో పడ్డాక ఆ మాటలో సంతోషం మిగల్లేదు, చలీ మిగల్లేదు. నొచ్చుకోవడం ఒక్కటే మిగిలింది. అదీ పైకి చెప్పకుండా నొచ్చుకోవడం. ఎక్కువగా వినబడేది మాత్రం "ఫీలవకు" అనే. శుభకార్యానికి పిలవడం మరిచిపోయినవాళ్ళు అంటారు. అందరిలో మాట తూలినవాళ్ళు అంటారు. ఆ మాట అనేవాళ్ళు ఎదుటి మనిషికి అప్పటికే ఏదో చేసేసి ఉంటారు, లేకపోతే చెయ్యబోతూ ఉంటారు.

నేను ఆ మాట మా అప్పతో అన్నాను.

మా వైపు అక్కను అప్ప అంటాం. మా ఊరు పొందూరుకు రెండు మైళ్ళు. నాన్న మగ్గం నేసేవాడు. నాకు మూడేళ్ళప్పుడు అమ్మ పోయింది. అప్పటికి అప్పకు పదిహేనేళ్ళు. మూడో తరగతితోనే ఎప్పుడో చదువు మానేసింది. అమ్మ కూర్చునే చోట, అమ్మ రాట్నం ముందు కూర్చుంది. ఒళ్ళో నేను, చేతిలో నూలు. నాకు గుర్తున్న మొదటి చప్పుడు ఆ రాట్నానిది.

మా ఊళ్ళో నూలు వడకడం తొందర పని కాదు. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో కొంచెం కొంచెంగా దువ్వాలి. ఆ చేప పళ్ళు దువ్వెనకంటే సన్నం. గింజ తీసి, దూదిని ఏకి, వేలంత పొడుగు ఏకులు చుట్టి, మెత్తబడిపోకుండా అరటి దొప్పలో పెట్టాలి. ఆ తర్వాత రాట్నం. కుడి చెయ్యి చక్రం తిప్పుతుంటే ఎడమ చేతి వేళ్ళ మధ్య నుంచి దారం లేచి వస్తుంది. అప్ప దారం వైపు చూసేది కాదు. వీధిలోకి చూస్తూ, నాతో మాట్లాడుతూ వడికేది. ఎలా వస్తుందని అడిగితే, "కల్లతో సూస్తే నూలు రాదే. వేళ్ళకి తెలవాల" అనేది. దారం ఎక్కడ పలచబడుతోందో, ఎక్కడ తెగబోతోందో ఆ వేళ్ళకు ముందే తెలిసేది. ఊళ్ళో అంత సన్నం వడికేవాళ్ళు మరో ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్ళు.

అప్పకు పెళ్ళయింది. బావ పక్క ఊళ్ళో వ్యవసాయం చేసేవాడు. నాలుగేళ్ళకే జ్వరం వచ్చి పోయాడు. పిల్లలు లేరు. అప్ప తిరిగి నాన్న దగ్గరికి వచ్చింది. రాట్నం ఎక్కడుందో అక్కడే ఉంది. వచ్చిన మర్నాడే కూర్చుని వడికిందని నాన్న చెప్పేవాడు. నేను శ్రీకాకుళంలో డిగ్రీ చదివి, బి.ఎడ్. చేసి, ఉద్యోగం తెచ్చుకున్నాను. విజయనగరంలో ఉండే ఆయనతో పెళ్ళయింది. ఆయనది నెలలో ఇరవై రోజులు ఊళ్ళు తిరిగే ఉద్యోగం.

నాకు పాప పుట్టిన ఎనిమిది నెలలకు కొండల మీద ఒక హాస్టల్ స్కూలుకు బదిలీ అయింది. అక్కడే ఉండాలి. ఉండటానికి ఒక రేకుల గది ఇచ్చారు. వానాకాలం దోమలు, మలేరియా. చూసుకోవడానికి మనిషి దొరకలేదు. నాన్న పోయాక ఊళ్ళో ఒక్కతే ఉంటున్న అప్ప ఆ గదిలోకి వచ్చి రెండు రోజులుంది. మూడో రోజు పొద్దున్న పాపను గుడ్డలో చుట్టి చంకనేసుకుంది.

"ఇలగ ఇచ్చీ. నిన్ను పెంచినాను, దీన్ని పెంచనేనా" అంది.

నాకు ఏడుపు వచ్చింది. బరువు దిగినట్టు కూడా అనిపించింది. ఆ రెండో సంగతి చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు.

శనివారం మధ్యాహ్నం స్కూలయ్యాక కొండ దిగి, రెండు బస్సులు మారి ఊరికి వెళ్ళేదాన్ని. ఆదివారం సాయంత్రం మళ్ళీ బస్సు. పాప అప్ప దగ్గర చోడి జావ, అదే రాగి జావ, తాగి బలంగా పెరిగింది. అరటి దొప్పలోంచి ఏకులు తీసి అందించేది. దూది ముక్కలు నోట్లో పెట్టుకునేది. మాటలు వచ్చాక అప్పను "అమ్మా" అంది. నన్ను ఊళ్ళోవాళ్ళంతా టీచరమ్మ అంటారు కాబట్టి అదీ అలాగే అంది. నేను గుమ్మంలోకి రాగానే లోపలికి పరిగెత్తుకెళ్ళి, "అమ్మా, టీచరమ్మ వచ్చినాది" అని చెప్పేది.

"అదేనే మీ అమ్మ. నాను పెద్దమ్మని" అని అప్ప దిద్దేది. పాప పకపకా నవ్వేది. అప్ప తనతో ఆట ఆడుతోందనుకునేది.

మూడేళ్ళు అలా గడిచాయి. ఆ వేసవిలో నాకు విజయనగరం దగ్గర స్కూలుకు బదిలీ వచ్చింది. మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఇంగ్లీషు మీడియం స్కూల్లో పాపకు సీటు దొరికింది. జూన్‌లో బళ్ళు తెరిచే ముందు పాపను తెచ్చుకోవడానికి నేనొక్కదాన్నే వెళ్ళాను.

అప్ప అన్నీ సర్ది ఉంచింది. గౌన్లు, దువ్వెన, పాపకు ఇష్టమైన ఇత్తడి గ్లాసు. పాప వీధిలో ఆడుకుంటోంది. అప్ప రాట్నం ముందు కూర్చుని, వడుకుతూ, ఒక్కొక్కటే చెప్పింది. పొద్దున్నే లేపకు. కూరలో ఉల్లిపాయ కనబడితే తినదు, నలిపెయ్. జ్వరమొస్తే నోరు తెరిచి చెప్పదు, నుదురు ముట్టుకుని చూసుకో.

"పడుకున్నప్పుడు సెవి పట్టుకుంటాది. ఒగ్గీమని అనకు. నిద్దరోయాక అదే ఒగ్గేత్తాది."

నేను తలూపాను. చెప్పాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాట అప్పుడు చెప్పాను.

"అప్పా, కొన్నాల్లు నువ్వు విజీనారం రావొద్దు. నిన్ను సూస్తే అది నాకాడ ఉండదు. నాకు అలవాటవ్వాల గదా. ఏటీ ఫీలవకు."

రాట్నం ఆగలేదు.

"ఫీలవడం అంటే ఏటే?"

నేను ఇంగ్లీషు టీచర్ని. ఆ మాటకు ఎన్ని అర్థాలున్నాయో బోర్డు మీద రాసి చెప్పగలను. "ఏటీ నేదప్పా. బాధపడకు అని" అన్నాను.

"మరి బాధపడకు అని సెప్పొచ్చు గదా. దానికి ఇంగ్లీసెందుకు."

ఆ మాట కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.  ఎందుకో తర్వాత నా అంతట నాకే తెలిసింది. బాధపడకు అంటే బాధ పెడుతున్నది నేనని ఒప్పుకోవాలి. ఫీలవకు అంటే ఆ అక్కర లేదు. నా పని నేను చేసేశాను, మిగిలింది నీ మనసు, దాన్ని నువ్వే చూసుకో అన్నట్టు ఉంటుంది.

"ఎన్నాల్లు?" అని అడిగింది.

"దసరా దాకా సూద్దాం."

"అలగే" అంది.

బస్సు దగ్గరికి రాలేదు. గుమ్మంలోనే పాప జుట్టు ముడేసి, "మీ అమ్మతో ఎల్లి బొమ్మలు కొనుక్కుని వచ్చీ" అని చెప్పింది. పాప సంతోషంగా నా చెయ్యి పట్టుకుని నడిచింది. వీధి మలుపులో తిరిగి చెయ్యి ఊపింది. అప్ప కూడా ఊపింది. శ్రీకాకుళం బస్ కాంప్లెక్సులో విజయనగరం బస్సు ఎక్కి కూర్చున్నాక, "అమ్మేదీ" అని పాప మొదటిసారి అడిగింది. "నేనే అమ్మని" అన్నాను. బస్సులో అందరూ మా వైపు తిరిగేలా ఏడ్చింది.

ఆ ఏడుపు మూడు వారాలుంది. తర్వాత తగ్గింది. ఒక ఆదివారం మధ్యాహ్నం నా పక్కన పడుకుని నా చెవి అందుకుంది. నా చెవికి దిద్దు ఉంది. బావ పోయినప్పటి నుంచి అప్ప చెవులకు ఏమీ లేవు. పాప వేళ్ళు ఆ దిద్దును తడిమాయి, కాసేపు అక్కడే ఉండి వెనక్కి వెళ్ళిపోయాయి. లేచి దిద్దులు తీసి పక్కన పెట్టాను. కానీ పాప మళ్ళీ చెయ్యి చాపలేదు. ఆ తర్వాత ఎప్పుడూ చాపలేదు.

దసరా వచ్చింది. నేను కబురు చెయ్యలేదు. పాప అప్పుడప్పుడే నన్ను అమ్మా అంటోంది, ఇంకొంచెం కుదురుకోనీ అనుకున్నాను. అప్పను చూడటానికి నేనొక్కదాన్నే రెండుసార్లు వెళ్ళాను. పాప గురించి అడిగేది. తింటోందా, ఎత్తు పెరిగిందా, మాటలేం చెబుతోంది. తీసుకురమ్మని మాత్రం అడగలేదు. తను వస్తాననీ అనలేదు.

మరుసటి వేసవిలో ఊళ్ళో కిరాణా కొట్టుకు ఫోన్ చేసి, అప్పను రమ్మని చెప్పించాను. మర్నాడే వచ్చింది. సంచిలో చోడి పిండి, తను వడికిన నూలుతో నేయించి కుట్టించిన తెల్లటి గౌను. గౌను పాపకు పొట్టయింది. ఏడాది కిందటి కొలత గుర్తు పెట్టుకుని కుట్టించింది.

పాప తలుపు పక్కన నిలబడి చూస్తోంది.

"పెద్దమ్మ వచ్చింది. నమస్తే చెప్పు" అన్నాను.

"నమస్తే పెద్దమ్మా. మీరు బాగున్నారా?" అంది పాప, స్కూల్లో నేర్పినట్టు.

మా ఇంట్లో ఎవరూ అప్పను మీరు అనలేదు ఎప్పుడూ.  అప్ప నవ్వింది.

"బాగున్నానమ్మా. మంచి మాటలొచ్చినాయే దీనికి" అంది, నా వైపు చూసి.

పాప సిగ్గుపడి లోపలికి వెళ్ళిపోయింది. అప్పకు అన్నం పెట్టాను. నాలుగు రోజులు ఉండమన్నాను. మర్నాడు ఖాదీ సంఘానికి నూలు ఇవ్వాల్సిన రోజని, సాయంత్రం బస్సుకే వెళ్ళిపోతానంది. బస్టాండులో అడిగాను.

"అప్పా, ఫీలయ్యావా?"

"నేదే. నాకేటి. గుంట బాగుంది. నానేటీ ఫీలవనేదు."

గుంట అంటే మా వైపు ఆడపిల్ల. ఫీలవడం మాత్రం నా దగ్గర విన్న మాట, అలా తన నోటికి పట్టింది. ఆ తర్వాత ఎన్ని ఏళ్ళు, ఎన్నిసార్లు అడిగానో. పాప పుట్టినరోజుకు పిలవడం కుదరనప్పుడు, పాప సెలవులకు ఊరు రానన్నప్పుడు. ప్రతిసారీ అదే జవాబు. నానేటీ ఫీలవనేదు. లేదు అనడానికి తప్ప ఆ మాటను ఇంక దేనికీ వాడలేదు.

పాప పెద్దదైంది. వైజాగ్‌లో చదువుకుని అక్కడే ఉద్యోగంలో చేరింది. పెద్దమ్మ అంటే గౌరవం. కనబడితే కాళ్ళకు దండం పెడుతుంది. చిన్నప్పుడు కొన్నాళ్ళు పెద్దమ్మ ఇంట్లో ఉన్నానని తెలుసు. అంతకంటే నేను చెప్పలేదు.

మూడేళ్ళ కిందట అప్ప వడకడం మానేసింది. కళ్ళు కనబడటం లేదని చెప్పింది. నేను నమ్మాను. నూలుకు కళ్ళతో పని లేదని చిన్నప్పుడు తనే చెప్పిన సంగతి నాకు గుర్తు రాలేదు. ఒకరోజు స్కూల్లో ఉండగా అప్ప పక్కింటావిడ ఫోన్ చేసింది. ఆవిడ కూడా నూలు వడికే మనిషే, అప్ప ఈడుది.

"మీ అప్ప సెయ్యి కాల్సుకుందమ్మా. అన్నం గిన్ని ఒట్టి సేత్తో దించేసింది. కాలినట్టు తనకి తెలనేదంట. వాసన వచ్చి సూసుకుందంట."

సెలవు పెట్టి వెళ్ళాను. ఎడమ చేతి వేళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి. షుగర్ ఎన్నాళ్ళ నుంచి ఉందో, ఎప్పుడూ చూపించుకోలేదు. పక్కింటావిడను తోడు తీసుకుని శ్రీకాకుళంలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. చిన్నవాడు, మర్యాదస్తుడు. కాలిన చేతికి కట్టు కట్టించి, అప్పను బల్ల మీద పడుకోబెట్టి కళ్ళు మూసుకోమన్నాడు. పిడికి బిగించిన సన్నటి నైలాన్ దారం ఒకటి తీసి, దాని కొసను అరికాలికి ఆనించాడు.

"ఫీలవుతోందా అమ్మా?"

"నేదు బాబూ" అంది అప్ప.

బొటనవేలికి ఆనించాడు. "ఇప్పుడు?"

"నేదు."

రెండో కాలు. కుడిచేతి వేళ్ళు, ఒక్కొక్కటీ. "ఇక్కడైనా ఫీలవుతోందా?"

"ఎక్కడా నేదు బాబూ. నానేటీ ఫీలవనేదు. అప్పుడే ఫీలవనేదు, ఇప్పుడేటి. దాని కూతురు, అది తీసికెల్లింది. అందులో తప్పేటుంది."

డాక్టరు దారం పట్టుకుని నా వైపు చూశాడు. అప్ప కళ్ళు మూసుకునే ఉంది. నేను ఇక్కడి దాకా వచ్చి డాక్టరుకు ఆ సంగతి చెప్పి ఉంటానని, ఆయన అదే అడుగుతున్నాడని అనుకుంది. నా మీద ఏ మాటా రాకుండా చూసుకుంటోంది.

నేను అప్ప చెవి దగ్గరికి వంగాను. "అది కాదప్పా. ముట్టుకుంటే నీకు తెలస్తందా అని అడుగుతన్నారు."

"ఓ, అదా. అదీ తెల్డం నేదు" అంది.

డాక్టరు కాయితం మీద రాసుకున్నాడు. నరాలు దెబ్బతిన్నాయని, ఇక ఆ స్పర్శ తిరిగి రావడం కష్టమని, కాళ్ళు మాత్రం రోజూ చూసుకోవాలని నాకు చెప్పాడు. ముల్లు గుచ్చుకున్నా తెలియదు, పుండు పడ్డా తెలియదు.

రక్తపరీక్షకు అప్పను లోపలికి తీసుకెళ్ళారు. బయట బల్ల మీద పక్కింటావిడ, నేను కూర్చున్నాం. లోపలి మాటలు ఆవిడ విన్నది.

"ఒక మాట సెప్తాను, ఏటీ అనుకోకు. నీ పాపని తీసికెల్లిన ఏడు మీ అప్ప నూలు నిలవనేదు" అంది.

"అంటే?"

"తెగిపోయీది. జానెడు రావడం, తెగడం. అంత సన్నం తీసే మనిషి. నెలనెలా సంగానికిచ్చీ నూలు సిలపలు ఇయ్యనేక పోయింది. నాను వడికినవి కలిపి తన పేరున ఇచ్చీదాన్ని. ఎవులికీ సెప్పొద్దని ఒట్టేయించుకుంది. నీకైతే మరీ సెప్పొద్దంది."

ఆ ఏడాదిలో రెండుసార్లు వెళ్ళాను కదా అనుకున్నాను. రెండుసార్లూ అప్ప రాట్నం ముందే కూర్చుని ఉంది. పాప కబుర్లు చెబుతూ కూర్చున్నానే గాని, దారం వైపు చూడలేదు.

అప్పను మా ఇంటికి రమ్మని బతిమాలాను. రానంది. సెలవులు దొరికినప్పుడల్లా నేనే వెళ్ళి ఉండేదాన్ని. కాళ్ళు కడిగి, తుడిచి, వేళ్ళ సందులు చూసేదాన్ని. నేను లేని రోజుల్లో పక్కింటావిడ చూసేది. అయినా పోయిన ఏడు వానాకాలంలో కాలి బొటనవేలి కింద పుండు పడింది. చెప్పులో చిన్న రాయి ఉందట. రోజంతా దాని మీదే నడిచింది. పుండు లోపలికి వెళ్ళిపోయింది. ఆసుపత్రిలో రెండు కాలివేళ్ళు తీసేశారు. మా అమ్మాయి వైజాగ్ నుంచి వచ్చి వారం రోజులు దగ్గర కూర్చుంది. "పెద్దమ్మా, చెయ్యి ఇలా ఇవ్వండి", "పెద్దమ్మా, కొంచెం తినండి" అని ఎంతో ఓపికగా చేసింది. ప్రతి మాటలో ఆ మీరు నాకు వినబడుతూనే ఉంది.

ఊళ్ళో ఇంటికి తెచ్చాక ఒక మధ్యాహ్నం అప్పకు అన్నం తినిపించి, చెయ్యి కడుక్కుని వచ్చి పక్కన కూర్చున్నాను. ఎన్నో రోజులుగా అనుకుంటున్న మాట.

"అప్పా, పాపని తీసికెల్లినప్పుడు నాను తప్పు సేసినాను."

"ఏటి తప్పు. నీ కూతుర్ని నువ్వు తీసికెల్లకపోతే ఎవులు తీసికెల్తారు."

"తీసికెల్లడం కాదు. నిన్ను రావొద్దన్నాను."

 వీధిలోంచి ఐస్ బండి గంట కొట్టుకుంటూ వెళ్ళింది. నానేటీ ఫీలవనేదు అంటుందని ఎదురు చూశాను. అలా అంటే బాగుండునని కూడా అనుకున్నాను.

"అది మాత్రం బాధేసిందే" అంది.

నేను తల వంచుకున్నాను.

"సానా బాధేసింది. దసరాకి పిలుస్తావని కొత్త సీర కూడా తీసి పెట్టుకున్నాను. రోజూ బస్సు టైముకి వాకిట్లోకొచ్చి నిలబడీదాన్ని, నువ్వుగాని తీసుకొస్తావేమోనని. నిన్ను తిట్టుకున్నాను గూడా. నాను పెంచిన గుంటవి, నాకిలగ సేస్తావేటని."

"అప్పుడే సెప్పొచ్చు గదప్పా."

"ఫీలవొద్దన్నావు గదా. మరేటి సెప్తాను."

నేను ఏడ్చాను. అప్ప ఏడవలేదు. కాలిన మచ్చలున్న చెయ్యి నా తల మీద వేసింది. ఆ చేతికి నా జుట్టు తెలియదని నాకు తెలుసు. అయినా ఆ చెయ్యి అలాగే ఉంచింది. "అడిగినావు గనక సెప్పినాను. ఇంక ఆ మాట ఒగ్గీ" అంది కాసేపటికి. తర్వాత మంచినీళ్ళు అడిగింది.

ఆ తర్వాత రెండు నెలలుంది. పుండు మళ్ళీ తిరగబెట్టింది. మోకాలి దాకా తియ్యాలన్నారు. అప్ప వద్దంది. ఒక పొద్దున పక్కింటావిడ కాఫీ తెచ్చి పిలిస్తే పలకలేదు. నేను వెళ్ళేసరికి వాకిట్లో మంచం వేసి పడుకోబెట్టారు. కాలికి కట్టు విప్పేశారు. చేతి వేళ్ళు అంత సన్నగా ఉన్నాయని అప్పుడు చూశాను.

పదో రోజు అయ్యాక మా అమ్మాయిని కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఎవరిని అమ్మా అని పిలిచిందో, నన్నేమని పిలిచిందో. బొమ్మలు కొనుక్కుని రమ్మని పంపిన సంగతి, బస్సులో ఏడ్చిన సంగతి. రావొద్దని నేను అన్న సంగతి. అది విన్నంతసేపూ నా మొహం చూడలేదు.

"నాకేమీ గుర్తు లేదమ్మా. ఒక్కటి కూడా" అంది.

"చిన్నదానివి కదా."

"ఆసుపత్రిలో వారం రోజులు పక్కన కూర్చున్నాను. అప్పుడైనా చెప్పాల్సింది. ఒక్కసారి అమ్మా అని పిలిచేదాన్ని."

 ఫీలవకు అన్న మాట అలవాటుగా నా నాలుక దాకా వచ్చింది. మింగేశాను. "తప్పు నాది" అన్నాను. అది లేచి వెళ్ళిపోయింది. నెల రోజుల పైన నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఫోన్ చేస్తే పనిలో ఉన్నాననేది. వాళ్ళ నాన్న వెళ్ళి నచ్చజెప్పబోతే, మీరిద్దరూ కలిసే చేశారు కదా అందట.

తర్వాత ఒకరోజు పక్కింటావిడ ఫోన్ చేసి చెప్పింది. మా అమ్మాయి సెలవు పెట్టి, నాకు చెప్పకుండా ఒక్కతే ఊరు వెళ్ళింది. తాళం తీయించుకుని, ఇల్లు ఊడ్చుకుని, అప్ప ఇంట్లో నాలుగు రోజులుంది. పొద్దున్నా సాయంత్రమూ అరుగు మీద నూలు వడికే ఆడవాళ్ళ మధ్య కూర్చుందట. అప్ప గురించి అడిగిందట, తన గురించి అడిగిందట. వాళ్ళు గుర్తున్నవన్నీ చెప్పారట.

విజయనగరం వచ్చి రెండు రోజులు మా దగ్గర ఉండి వైజాగ్ వెళ్ళింది. మాట్లాడుతోంది, అడిగినదానికి జవాబు చెబుతోంది. అక్కడ ఏం విన్నదో మాత్రం చెప్పలేదు. నేనూ అడగలేదు. చెప్పాలనిపించినప్పుడు తనే చెబుతుంది. చెప్పకపోయినా నేను బలవంతం చెయ్యలేను. ఆ నాలుగు రోజులూ దానివీ అప్పవీ.